ఊపుడు కట్టెలకు ఎర్రపువ్వు

మా ఇంట్లో టీవీకి ముసుగు ఉంటుంది. మా ఆయన తిరుత్తణిలో మగ్గం పని మానేసిన రోజు యజమాని ఇచ్చిన లుంగీ గుడ్డలో చివరి ముక్కతో దాన్ని నేనే కుట్టాను. చూడడం అయిపోగానే స్విచ్చి గోడ దగ్గరే ఆపి, ముసుగు వేయాలి. ఇది తిరువళ్లూరులో మా కూతురి ఇల్లే అయినా, మేమిద్దరం వచ్చి చేరిన దగ్గర్నుంచి ఇంటి ఖర్చు నా చేతి మీదుగానే నడుస్తుంది. సబ్బు అరిగిపోతే ఆ బిళ్ళను కొత్త సబ్బుకు అంటించి వాడిస్తాను. పాల కవర్లు కడిగి ఆరబెట్టి పాత సామాన్లవాడికి వేస్తాను. ఇందులో నాకు సిగ్గు లేదు. నేను బడికి వెళ్ళింది మూడో తరగతి దాకానే. మిగిలిన చదువంతా ఇలాంటి పనుల్లోనే నేర్చుకున్నాను.

అలాంటి ఇంట్లోకి మా అల్లుడు ఒక ఆట మిషను తెచ్చాడు. ఫ్యాక్టరీలో తనతో పనిచేసే ఒకాయన ఊరు మారిపోతూ దాన్ని వదిలించుకున్నాడట. టీవీకి తగిలిస్తే కార్లు పరుగెత్తుతాయి, బొమ్మలు తన్నుకుంటాయి. బటన్లు నొక్కి ఆడేవి రెండు దాంతోపాటే వచ్చాయి. ఊరికే వచ్చింది కదా అని నేను పెద్దగా గొణగలేదు. మా మనవరాలు ఆరో తరగతి చదువుతోంది. బడి నుంచి వచ్చాక అరగంట ఆడుకోమన్నాను. అంతవరకు బాగానే ఉంది.

ఒకరోజు అది నా పక్కన వచ్చి కూర్చుని చింతపండులో గింజలు తీయడం మొదలుపెట్టింది. పిలవకుండా పని చేస్తోందంటే ఏదో కావాలన్నమాట.

"అవ్వా, మోషన్ కంట్రోలర్లని ఉండాయి. బటన్ నొక్కే పని లేదు. చెయ్యి ఎట్ల ఊపితే టీవీలో బొమ్మ చెయ్యి అట్ల ఊగుతాది. కొందామా?"

"చెయ్యి ఊపేదానికి దుడ్డెందుకు? సుమ్మా, ఊరికే ఊపు."

"సుమ్మా ఊపితే టీవీకి ఎట్ల తెలుస్తాది?"

"టీవీకి ఎందుకు తెలియల్ల?"

అది గింజలన్నీ తీసి పళ్ళెంలో పోసి, లేచి వెళ్తూ అన్నది: "నాకు కాదులే. తాతకు."

ఆ మాటతోనే నా తల తిరగడం మొదలైంది. ఇప్పటికీ సరిగ్గా ఆగలేదు.

మా ఆయన సంగతి చెప్పాలి. వానలో రైల్వే స్టేషను వంతెన మెట్ల మీద జారి కుడి భుజం విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషను చేసి ప్లేటు వేశారు. ఎముక అతుక్కుంది. కట్టు విప్పాక చూస్తే చేయి భుజం ఎత్తు కూడా లేవదు. జీవితమంతా మగ్గం దగ్గర నిలబడి, అటూ ఇటూ పరుగెత్తే నాడాలో నూలు కండె మార్చిన చేయి అది. ఎంత గోలలోనైనా ఆగకుండా ఆడిన చేయి. ఇప్పుడు చొక్కా వేసుకోవడానికి కూడా నన్ను పిలవాలి.

ఆసుపత్రిలో వ్యాయామం నేర్పే ఫిజియో అమ్మాయి ఉంది. గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో పైకి పాకించమని చెప్పింది. రోజూ కొంచెం పైకి పోవాలట. ఇంకో రెండు మూడు నెలల్లో కదిలించకపోతే కీలు అలాగే బిగుసుకుపోతుందని, తర్వాత ఎవరూ ఏమీ చేయలేరని నాతో విడిగా చెప్పింది. నేను ఇంటికి రాగానే గోడ మీద బొగ్గుతో గీత గీశాను. దాని మీద ఇంకొకటి, దాని మీద మరొకటి గీశాను. ఆయన మొదటి గీత దాకా పాకించి, పళ్ళు బిగించి, కుర్చీలో కూర్చుండిపోయేవాడు.

"లేయ్. ఇంగో గీత ఉండాది."

"గోడలెక్కేదానికి నేనేమన్నా బల్లినా?"

"బల్లి నయం. చెప్పకుండానే ఎక్కుతాది."

ఇలా రోజూ జరిగేది. నా నోటికి ఆయన భయపడేవాడే తప్ప చేయి మాత్రం లేచేది కాదు.

ఆ చేయి లేవకపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. పెళ్ళయినప్పటి నుంచి ప్రతి కృత్తికకు ఆయన తిరుత్తణి కొండకు వెళ్ళేవాడు. పైకి ఎక్కుతుంటే ఒక మలుపులో గోపురం కనిపిస్తుంది. అక్కడ అందరూ రెండు చేతులూ తల మీదికి ఎత్తి జోడిస్తారు. ఆయన చేతులు అందరికంటే ముందు లేచేవి. పడిన తర్వాత కొండకే వెళ్ళలేదు. ఎందుకని ఒకసారి గట్టిగా అడిగితే, "ఒంటి చేత్తో దండం పెడితే దేవునికి టాటా చెప్పినట్ల ఉంటాది" అన్నాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆడి నెలలో ఆ కొండ మీద జరిగే పెద్ద పండుగ, ఆడికృత్తికకైనా ఆయన చేతులు తల మీద కలవాలి. నాకు కావలసింది అంతే.

ఇప్పుడు మనవరాలి మాట. ఎదురింట్లో దాని స్నేహితురాలి దగ్గర ఆ ఊపుడు కట్టెలు ఉన్నాయట. దాన్ని పిలుచుకురావడానికి తాత వెళ్తే, పిల్లలు ఆయన చేతికి ఒకటి ఇచ్చారట. టీవీలో పైనుంచి బంతి వస్తుంది, బ్యాటుతో కొట్టాలి. తాత కొట్టాడట.

"చెయ్యి ఇంతకు పోయింది అవ్వా. చెవి దాటింది."

"ఎవురి చెవి?"

"తాత చెవే."

నేను నమ్మలేదు. ఆయన్ను అడిగాను.

"ఏదో పిల్లోళ్ళు ఇచ్చినారు, ఊపినా."

"యాడికి లేచింది?"

"నేను బంతిని చూస్తా ఉంటినే. చెయ్యి ఎవురు చూసినారు?"

ఆ సాయంత్రమే అన్నం దగ్గర అలమరలో ఉప్పు డబ్బా అందుకోమన్నాను. చేయి సగంలో ఆగింది, మొహం మెలికలు పోయింది. మరి చెవి దాటిన చేయి ఏమైంది? పిల్ల అబద్ధమాడిందా? నాకు ఏమీ పాలుపోలేదు. అది ఆట సామానో మందో తేలితే నేను ఒక దారిన పడగలను. ఆటసామానైతే వద్దు. మందైతే ఎంతైనా సరే. రెండూ ఒకే పెట్టెలో పెట్టి అమ్మితే నాలాంటిది ఏం చేస్తుంది?

మనవరాలిని వెంటబెట్టుకుని బజారులో అంగడికి వెళ్ళాను. అక్కడున్న అబ్బాయి తమిళంలో "పాట్టి, యారుక్కు?" అని అడిగాడు. అవ్వా, ఎవరికి అని.

"మా ఆయనకు" అన్నాను.

అతను నావైపు చూసి, మనవరాలివైపు చూసి, మళ్ళీ నావైపు చూశాడు. నవ్వలేదు, మంచివాడు. మీ మిషను ఏ మోడల్ అని అడిగాడు. నల్లది అన్నాను. నల్లవాటిలోనే చాలా ఉన్నాయట. కొన్నిటికి కట్టెలు మాత్రం చాలునట, కొన్నిటికి టీవీ మీద ఒక కెమెరా కూడా పెట్టాలట, పాతదైతే అసలు పట్టవట. ఏది ఏదో పిల్లకు అర్థమైనట్టుంది, తల ఊపుతూనే ఉంది. నాకు మాత్రం చెయ్యి ఊపడానికి ఇన్ని షరతులా అనిపించింది.

ఒకటి నా చేతికి ఇచ్చాడు. పట్టుకోగానే అది బుర్రుమని వణికింది. బల్లి మీద పడ్డట్టు వదిలేశాను. అతను కింద పడకుండా పట్టుకున్నాడు.

"భయపడకండి పాట్టీ, బంతి తగిలినట్టు తెలియడానికి అది అలా వణుకుతుంది" అని తమిళంలో సర్దిచెప్పాడు.

"భుజాలకు పనికొచ్చేది వేరే ఉందా?" అని అడిగాను.

"భుజాలకా?"

"నొప్పికి."

"దానికి మెడికల్ షాపు పక్క వీధిలో ఉంది పాట్టీ."

పెట్టె విప్పితే వాపసు తీసుకోరని కూడా చెప్పాడు. అంటే పనికొస్తుందో లేదో తెలియాలంటే విప్పాలి, విప్పితే పనికిరాకపోయినా మనదే. ఇలాంటి బేరం నేను బతుకులో చేయలేదు. వంకాయ కూడా నొక్కి చూడనిదే తీసుకోను. వట్టి చేతులతో ఇంటికి వచ్చాం.

ఫిజియో అమ్మాయిని అడిగాను. ఆమె శ్రద్ధగానే విన్నది. ఎలా కదిలినా కదలికే, ఆడుతూ కదిలితే ఇంకా మంచిదే, నొప్పి మరీ ఎక్కువైతే ఆపమనండి అన్నది. అయితే కొనమంటావా అన్నాను. అది నేను చెప్పకూడదు పాట్టీ, గోడ వ్యాయామం మానకుండా ఉంటే చాలు అన్నది. కూతురిని అడిగితే "నీ ఇష్టంమ్మా" అన్నది. అల్లుడు "మీరెట్ల చెప్తే అట్ల అత్తా, నాకు సరే" అన్నాడు. మామూలుగా నన్ను అడక్కుండా ఈ ఇంట్లో కొత్తిమీర కట్ట కూడా రాదు. అది నాకు గొప్పగానే ఉండేది. ఇప్పుడు ఆ గొప్పంతా తెచ్చి నా నెత్తిన పెట్టి అందరూ పక్కకు తప్పుకున్నారు.

ఇలా ఎటూ తేలనప్పుడు మా వాళ్ళు చేసే పని ఒకటుంది. అమ్మవారి దగ్గర పువ్వు కట్టి చూస్తాం. ఒక పొట్లంలో ఎర్ర గన్నేరు, ఇంకో పొట్లంలో తెల్ల గన్నేరు. ఏ పువ్వు వస్తే ఏమి చేయాలో అడిగేవాళ్ళు మనసులో పెట్టుకోవాలి, బయటికి చెప్పకూడదు. పూజారి రెండు పొట్లాలనూ కలిపి అమ్మవారి పాదాల ముందు వేస్తాడు. హారతి అయ్యాక ఒక చిన్నపిల్ల ఒకటి తీయాలి. మా కూతురికి ఈ సంబంధం అలా వచ్చిందే. మేము తిరుత్తణి వదలడం కూడా అలా అడిగి చేసిందే. ఆట సామాను కోసం ఎవరైనా అడిగారో లేదో నాకు తెలియదు. ఆటో మందో తెలియక అడగడానికి వెళ్తున్నాను కాబట్టి తప్పులేదని సర్దిచెప్పుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున రైలెక్కాం. నేను, మా ఆయన, మనవరాలు. కొండకు రాను, అమ్మవారి గుడి వరకైతే వస్తానని ఆయన ముందే షరతు పెట్టాడు. గన్నేరు పువ్వులు మా వీధి చివరి రెండు చెట్లవే, కోసి తడిగుడ్డలో చుట్టుకుని వచ్చాను. పొట్లాలకు పాత క్యాలెండరు కాగితం తెచ్చాను.

మేమున్న మగ్గాల వీధి మారలేదు. రెండు వైపులా ఇళ్ళలోంచి మగ్గాలు ధడధడలాడుతూనే ఉన్నాయి. ఆ చప్పుడు వినగానే ఆయన నడక మారింది, నిటారుగా నడిచాడు. గుడి పూజారి మాకు పాత పరిచయం.

"ఏమక్కా, ఊరొదిలి పొయ్యినాక అమ్మ ఇప్పుడు గుర్తొచ్చిందా?"

"గుర్తు లేకనేనా రైలు చార్జీ పెట్టుకోని వచ్చింది?"

"పువ్వు దేనికి, మనవరాలి పెండ్లికా?"

"దాని బొట్టుబిళ్ళే ఇంకా తిన్నంగా పెట్టుకోదు. నువ్వు పొట్లాలు కట్టు."

"మనసులో పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా."

పెట్టుకున్న మాట నిజమే. రైల్లోనే తీర్మానించుకున్నాను. తెలుపు వస్తే కొనాలి, ఎరుపు వస్తే వద్దు. పూజారి పొట్లాలు కడుతుంటే నేను ప్రదక్షిణ మొదలుపెట్టాను. మొదటి చుట్టులో ఒక ఆలోచన వచ్చింది. ఎరుపు అమ్మవారి రంగు. ఆమెకు ఇష్టమైనదే ఇస్తుంది కదా, అప్పుడు వద్దనే వస్తుంది, అంటే నేను దుడ్డు మిగిలేటట్టు ముందే చూసుకున్నానా? ఆమెను మోసం చేసినట్టవుతుందని మార్చుకున్నాను. ఎరుపు వస్తే కొనాలి, తెలుపు వద్దు. రెండో చుట్టులో మళ్ళీ ఆలోచన. ఇప్పుడు కొనేవైపు నేనే తోసినట్టు కాలేదా? మనసులో మొదట పెట్టుకున్నదే చెల్లుతుందని మా అమ్మ అనేది. మరి వెనక్కి మార్చాలా? మారుస్తున్నానో లేదో నాకే తేలకముందే గంట మోగింది. హారతి చూస్తూ నిలబడ్డాను. నా తలలో రెండు పువ్వులూ గిర్రున తిరుగుతున్నాయి.

మనవరాలు కళ్ళు మూసుకుని ఒక పొట్లం తీసింది. పూజారి విప్పాడు. ఎర్ర గన్నేరు.

"ఎర్రది వచ్చింది అవ్వా, కొనల్ల" అని అది గెంతింది.

"ఎర్రంటే కొనమని నీకెవురు చెప్పినారు?"

"నేను అట్లే అనుకున్నా."

"నువ్వెందుకు అనుకుంటివి? అడిగింది నేను కదా."

"తీసింది నేను కదా."

పూజారి నవ్వాడు. "ఒక పువ్వుకు ఒకరే అడగల్ల పాపా. ఇద్దరూ మీద పడితే అమ్మ ఎవురికని చెప్తాది?" అన్నాడు. ఇంకోసారి కట్టి చూద్దామా అని అడిగాను. అదే మాట ఒకే రోజు రెండుసార్లు అడగకూడదన్నాడు. అది నాకూ తెలుసు. తెలిసే అడిగాను.

అప్పుడు చూస్తే మా ఆయన గుడిలో లేడు. బయట మెట్ల మీద కూర్చుని ఎడమ చేత్తో చెప్పులు వేసుకుంటున్నాడు. ఏమైందంటే ఏమీ లేదన్నాడు. వీధిలో తిరిగి వెళ్ళేటప్పుడు మగ్గాల వైపు తల కూడా తిప్పలేదు.

రైలు అరక్కోణం దాటింది. మనవరాలు కిటికీ దగ్గర నిద్రపోయింది. అప్పుడు ఆయన అన్నాడు.

"ఇంగ నన్ను గోడ కాడికి పిలవద్దు."

"ఏం?"

"నేనూ అడిగినా."

"ఏమి అడిగితివి?"

"ఈ చెయ్యి లేస్తాదా లేదా అని. తెల్లది వస్తే లేస్తాది. ఎర్రది వస్తే లేవదు."

ఎర్రదానికి అలా ఎందుకు పెట్టుకున్నావని అడిగాను.

"నెత్తురు రంగు కదా. ఆపరేషను గుర్తొచ్చింది. ఏం చేసేది, అమ్మే చెప్పేసింది. అయిపాయ. పరవాయిల్ల."

పరవాలేదన్న ఆ మాటకు ఆయన గొంతు మామూలుగానే ఉంది. మగ్గం మానేసిన రోజు కూడా ఇలాగే అన్నాడు. ఆ తర్వాత ఒక్కరోజైనా మగ్గం పేరెత్తలేదు. ఆయన ఏదైనా వదిలేస్తే అలాగే వదిలేస్తాడు. ఏడవడు, తిట్టడు, మళ్ళీ ముట్టుకోడు. చేయిని కూడా అలా వదిలేస్తున్నాడని తెలిసిపోయింది.

తిరువాలంగాడు వచ్చింది, పోయింది. నేను బయట పొలాలు చూస్తూ కూర్చున్నాను. అమ్మవారి మాట తోసేయడం నా వల్ల కాదు. అలాగని ఆమె మాట ఇదేనని ఒప్పుకుంటే ఈయన చేయి ఇక్కడితో సరి. నాకేమో నా పువ్వు ఏదో నాకే గుర్తులేదు. తెలుపా, ఎరుపా, మొదటిదా, మార్చినదా. కడంబత్తూరు దగ్గర రైలు ఆగినప్పుడు ఆయనతో అన్నాను.

"ఆ పువ్వు నీది కాదు."

"మరెవురిది?"

"పువ్వు కోసింది ఎవురు? కాయితం తెచ్చింది ఎవురు? పూజారి ఎవుర్ని అడిగినాడు, మనసులో పెట్టుకున్నావా అని?"

"నిన్నే."

"రేషన్ అంగట్లో నా వరసలో నడమ వచ్చి నిలబడితే నీకు చక్కెర పోస్తారా?"

"పొయ్యరు."

"అమ్మ మాత్రం ఎట్ల ఇస్తాది? నేను అడిగింది ఆ కట్టెల సంగతి. జవాబూ దానికే. నీ చెయ్యి సంగతి ఆమె కాడికే పోలేదు."

ఆయన నావైపు తిరిగాడు. "సరి. నీకు ఎర్రంటే ఏమి?" అన్నాడు.

అదే నాకు తెలియనిది. పిల్ల కూడా ఎప్పుడు లేచిందో, కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది.

"కొనమని" అన్నాను.

నోటి నుంచి వచ్చాక ఆ మాట నాకే వినిపించింది. అబద్ధమా అంటే, కాదు, రెండో చుట్టు మొదట్లో అది నిజమే. నిజమా అంటే, దాని ముందూ తర్వాతా కాదు. అమ్మవారి పేరు మీద చెప్పిన మాట కాబట్టి ఇక నిలబెట్టుకోవాలి. తిరువళ్లూరులో రైలు దిగి ఇంటికి కూడా పోకుండా అంగడికే వెళ్ళాం. ఈసారి పిల్ల ఇంట్లో ఉన్న వాళ్ళమ్మ చేత మిషను అడుగున ఉన్న నంబరును ఫొటో తీయించి తాత ఫోనుకు పంపించుకుంది. కెమెరా అక్కర్లేనిదట. ఆ అబ్బాయి నన్ను గుర్తుపట్టాడు. భుజాలకే కదా పాట్టీ అన్నాడు. అవునన్నాను. పెట్టె ఇచ్చాడు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చుంటే, విప్పాక వాపసు లేదన్న మాట తప్ప నాకు ఇంకేమీ గుర్తు రాలేదు.

మొదటి రోజు టీవీని వెనక్కి జరిపించాను. కట్టెకు ఉన్న పట్టీ మీద నమ్మకం లేక పాత లంగా బొందుతో ఆయన మణికట్టుకు ఇంకో కట్టు కట్టాను. ఎగిరి టీవీకి తగిలితే రెండూ పోతాయి. బంతులు వచ్చాయి. ఆయన కొట్టాడు. చేయి లేచింది, చెవి దాకా కాదు కానీ గోడ మీద రెండో గీత ఎత్తు ఉంటుంది. పిల్ల చెప్పింది నిజమేనని అప్పుడు నమ్మాను. పండక్కి చేసే పాయసం ఆరోజు చేశాను.

వారం తిరక్కుండానే ఇంకో సంగతి బయటపడింది. వంటింట్లోంచి వచ్చి చూస్తే ఆయన కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని, మోచేయి కుర్చీ చేతి మీద ఆనించి, మణికట్టు మాత్రం టుపుక్కున ఆడిస్తున్నాడు. టీవీలో బొమ్మ ఎగిరెగిరి కొడుతోంది. చప్పట్లు కూడా మోగుతున్నాయి.

"ఏందయ్యా ఇది?"

"గెలిచినా" అన్నాడు.

"చెయ్యి యాడ ఎత్తినావు?"

"ఎత్తే పనే లేదే. ఇంత ఆడిస్తే చాలంట. దానికి తెలియదు."

టీవీకి తెలుస్తుందని దుడ్డు పోసి కొన్న కట్టె అది. దానికి తెలియదట. మనవరాలిని పిలిచి అడిగితే, "అవును అవ్వా, ఎదురింట్లో మేమూ అట్లే ఆడేది, తాతకు నేనే నేర్పిచ్చినా" అన్నది. ఆ కట్టెలు కొన్నది ఎవరి కోసం, అది నేర్పిందేమిటి?

వంటింట్లోకి వెళ్ళి పెద్ద గరిటె తెచ్చాను. ఆయన్ను లేపి నిలబెట్టి, వెనక నిలబడి, ఆయన భుజం పైన గరిటె అడ్డంగా పట్టుకున్నాను.

"ప్రతి బంతికీ కట్టె దీనికి తగలల్ల. తగలకుండా గెలిస్తే నీకు రాత్రికి చారే."

"రసం అన్నమా?"

"అన్నం కూడా లేదు. చారే."

అప్పటి నుంచి అదే పద్ధతి. ఆయన బంతిని చూస్తాడు, నేను గరిటెను చూస్తాను. టంగ్ టంగ్‌మని తగులుతుంటే ఎదురింటివాళ్ళు మేము వంట చేస్తున్నామో పోట్లాడుకుంటున్నామో తెలియక గడపలోకి వచ్చి చూశారు. రోజురోజుకూ గరిటెను ఆయనకు తెలియకుండా వేలెడంత పైకి జరుపుతూ వచ్చాను. ఆయన కళ్ళు టీవీలోనే ఉంటాయి కాబట్టి తెలియదు. మరి పని చేస్తున్నది కట్టెలా, నా గరిటెనా? గరిటె ఇంట్లోనే ఉండేది కదా. దాన్ని గోడ దగ్గర పట్టుకుంటే ఇదే జరిగేదేమో. ఆ మాట అంటే మనవరాలు, "గోడ కాడ బంతి యాడ వస్తాది అవ్వా?" అన్నది.

ఒక మధ్యాహ్నం ఆట నడుమ కరెంటు పోయింది. టీవీ నల్లబడింది. ఆయన చేయి అప్పుడే గరిటెకు తగిలి ఉంది. బంతి మళ్ళీ వస్తుందనుకున్నాడో ఏమో, అలాగే నిలబడ్డాడు. నల్లటి టీవీలో ఆయనకు ఆయనే కనబడ్డాడు. చేయి చెవి దాటి పైకి ఉంది.

"ఏమే, ఇది నా చెయ్యేనా?" అన్నాడు.

అనడం, చూడడం, మొహం మెలిక పడడం, చేయి దిగిపోవడం అన్నీ ఒక్కసారే జరిగాయి. మళ్ళీ ఎత్తమంటే లేవలేదు. కరెంటు వచ్చాక లేచింది. ఫిజియో అమ్మాయికి చెప్తే, అది భయం పాట్టీ, భుజం బాగానే ఉంది, చెయ్యి లేవడం చూసుకుంటే భయపడుతున్నారు అన్నది. అంటే ఆయన చూడకూడదన్నమాట. ఎవరూ చూస్తున్నట్టు కూడా ఆయనకు తెలియకూడదన్నమాట.

ఆడికృత్తికకు వస్తానని ఆయనే అన్నాడు. నేను చొక్కా ఇస్త్రీ చేసి పెట్టాను. మొక్కు కావళ్ళు మోసేవాళ్ళతో కొండ కిటకిటలాడుతోంది. నేను ఆయన కుడి పక్కన నడిచాను, ఆ భుజానికి జనం తగలకుండా. మనవరాలు ముందు నడిచింది. ముందు రోజు రాత్రి పడుకునేముందు దానికి గట్టిగా చెప్పి ఉంచాను, మలుపు దగ్గర తాత వైపు తిరిగితే చెవి మెలేస్తానని.

మలుపు వచ్చింది. గోపురం కనబడింది. చుట్టూ అందరూ ఒక్క గొంతుతో అరోహరా అన్నారు. నేను గోపురం తప్ప ఏమీ చూడలేదు. నా చేతులు కూడా ఎత్తలేదు, ఎత్తితే ఆయన్ను తాకుతాయేమోనని. ఆయన చొక్కా చేయి నా మోచేతికి తగిలింది, తర్వాత భుజానికి, తర్వాత చెవికి రాసుకుని పైకి పోయింది. అక్కడి నుంచి ఎంత పోయిందో, ఎడమ చేయిని కలిసిందో లేదో నాకు తెలియదు.

"అవ్వా" అన్నది మనవరాలు ముందు నుంచి.

"గమ్మున గోపురం చూడు" అన్నాను.